ఐ.పోలవరం ఏటిగట్టున రెండు రోజులు

‘‘వచ్చే శనాదివారాలు ఐ.పోలవరం వెళ్తున్నాం’’ అని చెబితే మా ఆఫీసులో ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు: ‘‘డ్యామ్ చూడ్డానికా?’’

కాదండీ బాబూ. డ్యామ్ కడుతున్న పోలవరం ఏలూరు జిల్లాలో, రాజమండ్రికి ఎగువన ఉంది. మేం వెళ్లింది రాజమండ్రికి దిగువన, అదే గోదావరి సముద్రంలో కలవబోయే చోటికి, కోనసీమ తూర్పు కొసకి.   ఫోన్లో ఉత్తి ‘పోలవరం’ అని కొట్టి కారెక్కారంటే వంద కిలోమీటర్ల పైన తేడా కొడుతుంది. ప్లానింగ్‌లో మొదటి జాగ్రత్త ఇదే.

రెండోది మా ఇంట్లో జరిగిన గొడవ నుంచి నేర్చుకున్నది. మా వారికి ఏ ఊరికెళ్లినా ముందు ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక తయారు చెయ్యడం అలవాటు. ఈసారి అందులో పదకొండు చోట్లు ఎక్కాయి. ద్రాక్షారామం, కోటిపల్లి, ర్యాలి, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది, దిండి, యానాం, కోరింగ... పక్కన ప్రతిదానికీ ‘45 నిమిషాలు’ అని రాసి ఉంది. అన్నీ రెండు రోజుల్లోనే. కోనసీమ మ్యాప్‌లో అరచెయ్యంతే కనిపిస్తుంది గానీ, ఒక పాయ దాటడానికి వంతెన ఎక్కడుంటే అక్కడిదాకా చుట్టు తిరగాలి. గట్టు మీద రోడ్లు సన్నం. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. ఆ పట్టిక ప్రకారం వెళ్తే మేం చూసేది కోనసీమని కాదు, కారు కిటికీని.

మా అత్తగారు అంతా విని, ‘‘ఒరే అబ్బాయ్, ఆ గుళ్లన్నీ నేను చూసినవే. మా లంక ఉందో పోయిందో ఒక్కసారి చూసొస్తే నాకు చాల్రా’’ అన్నారు.

ఆవిడకి 76 ఏళ్లు. పుట్టింది ఎదుర్లంక దిగువన, గౌతమి పాయలో ఉన్న ఒక చిన్న లంకలో. పదిహేడో ఏట పెళ్లయి వచ్చేశారు. 1996 నవంబరు 6 తుపానులో తోట మొత్తం పడిపోయాక ఆవిడ అన్నగారు ఉన్నదేదో అమ్ముకుని కాకినాడ చేరిపోయారు. ఆ తర్వాత ఆవిడ అటు వెళ్లలేదు. దానితో పట్టికలో తొమ్మిది కొట్టేశాం. మిగిలినవి కోరింగ, యానాం. వాటికి కలిపింది ఒక్క ఏరు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి రాత్రి బయల్దేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ కన్నా మంచి దారి లేదు. గౌతమి దగ్గరకి గౌతమిలోనే వెళ్లడం అన్నమాట. పొద్దున్నే కాకినాడలో దిగి, టిఫిన్ చేసి కారు మాట్లాడుకుంటే 216 నంబరు జాతీయ రహదారి మీద యానాం ముప్ఫై కిలోమీటర్ల లోపే. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి అటువైపు నుంచి రావాలంటే రాజమండ్రిలో దిగి రోడ్డు పట్టాలి. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ, పెద్దవాళ్లతో అయితే కాకినాడ వైపే సుఖం.

దారిలో తాళ్లరేవు దగ్గర కోరింగ మడ అడవి తగులుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్కలతో కట్టిన నడకదారి మీద మడ చెట్ల మధ్యలోంచి వెళ్తుంటే కింద బురదలో వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. ఆ చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. చేపల్ని పట్టుకు తినే నీటిపిల్లి ఇక్కడ ఉందని బోర్డు చూసి మా అమ్మాయి గంటసేపు వెతికింది. అది రాత్రి తిరిగే జంతువు, పట్టపగలు ఎక్కడ కనిపిస్తుంది? నాకైతే ఆ అడవిలో నచ్చింది కాలవలో నీళ్లు. మేం వెళ్లేటప్పుడు సముద్రం వైపు పోతున్నాయి, వచ్చేటప్పుడు నిలబడిపోయాయి. ఇంకాసేపుంటే వెనక్కి తిరిగేవేమో. ఇక్కడివాళ్లు దీన్నే పోటు, పాటు అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

యానాం గురించి ఎక్కువ రాయను. చాలామంది రాశారు. ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఏలిన ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ఏటి ఒడ్డున బాగా తీర్చిన రోడ్డు, కూర్చోడానికి చోటు ఉన్నాయి. బస విషయానికొస్తే, ఐ.పోలవరం మండలంలో పెద్ద రిసార్టులుంటాయని ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. యానాంలోనో అమలాపురంలోనో గది తీసుకుని పగలంతా ఇటు గడపడం తేలిక. మేం యానాంలోనే దిగాం.

యానాంలో మార్కెట్ మాత్రం వదలకండి. ఏ నెలలో వెళ్తే ఆ నెల చేప. జూలై నుంచి సెప్టెంబరు దాకా, గోదావరి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు పులస. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుతూ ఏట్లోకొచ్చాక పులస అవుతుంది, ధర కూడా అలాగే ఎదురీదుతుంది. దసరా దాటాక తూర్పుగాలి తిరిగితే చీరమేను. కంటికి ఆనీ ఆనని చేపపిల్లలు, చీరల్లో వడగట్టి పడతారు కాబట్టి ఆ పేరు. మేం డిసెంబరు మొదట్లో వెళ్లాం, పులస లేదు, చీరమేను అయిపోవచ్చింది. దొరికిన రొయ్యలతో, రోడ్డు పక్క కట్ట కట్టి అమ్మే తేగలతో సరిపెట్టుకున్నాం. సంక్రాంతికి వెళ్దామనుకుంటే మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. ఆ మూడు రోజులూ ఇటువైపు కోడిపందేల బరులు, కార్ల వరసలు, ఎక్కడా గది దొరకదు. జూలై, ఆగస్టుల్లో వెళ్తే పులస దొరుకుతుంది, లంకలు దొరకవు. వరద నీటిలో ఉంటాయి. డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా తీరుబడిగా చూసేవాళ్ల కాలం.

యానాం దాటగానే వంతెన. దీని మీద కారు ఆపకూడదు గానీ, మా డ్రైవరు వేగం తగ్గించాడు. కింద గౌతమి ఎంత వెడల్పంటే, అవతలి గట్టు కొబ్బరిచెట్లు నల్లటి గీతలా కనిపిస్తాయి. అత్తగారు ఆ గీత వంకే చూస్తూ, ‘‘ఇది లేనప్పుడు పంటు మీద దాటేవాళ్లం. లారీలూ, ఆవులూ, పెళ్లివారూ అందరూ దానిమీదే. ఆఖరి పంటు వెళ్లిపోతే ఆ రాత్రికి యానాంలోనే పడుకోవాలి’’ అన్నారు. వంతెనకి జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. ఎదుర్లంకలో పుట్టి, ఇదే ఏరు దాటుతూ చదువుకుని, లోక్‌సభ స్పీకరు దాకా వెళ్లిన మనిషి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. (ముమ్మిడివరం బాలయోగి వేరు. ఆయన తపస్సు చేసుకున్న యోగి. మా అమ్మాయి ఇద్దర్నీ కలిపేసి కాసేపు అయోమయంలో పడింది.)

వంతెన దిగితే మీరు ఒక దీవి మీద ఉన్నట్టే. ఒకపక్క గౌతమి, మరోపక్క దాన్నుంచి చీలిన వృద్ధ గౌతమి, కింద సముద్రం. చుట్టూ నీళ్లే అయినా పొలానికి పనికొచ్చేవి తక్కువ. వేసవిలో పోటు మీద ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. అందుకే పంట కాలవని కూడా అవతల నుంచి ఏటి మీదుగా దాటించి తెచ్చారు. ముమ్మిడివరం వైపు వెళ్తే అన్నంపల్లి దగ్గర ఆ అక్విడక్టు కనిపిస్తుంది. కింద ఏరు, ఏటి మీద కాలవ. ఇంజనీర్లు కాకపోయినా ఒక పది నిమిషాలు దిగి చూడదగ్గది.

ఇంజరం సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఆ ఊళ్లో ఒక వర్తక స్థావరం ఉండేది. సరుకు సన్న నేత బట్ట. కూతవేటు దూరంలో యానాంలో ఫ్రెంచివాళ్లదీ అదే వ్యాపారం. 1757లో బుస్సీ వచ్చి ఇంజరాన్ని పట్టుకున్నాడు, తర్వాత మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 

సాయంత్రం మురమళ్ల వెళ్లాం. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుడి, వృద్ధ గౌతమి ఒడ్డున. ఇక్కడ స్వామికి రోజూ కళ్యాణమే, గాంధర్వ పద్ధతిలో. పెళ్లికాని పిల్లల తల్లిదండ్రులు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి చేయిస్తారు. చేయించాలనుకుంటే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి, చూడ్డానికైతే ఏ రోజైనా వెళ్లొచ్చు. పక్కన కూర్చున్న గుంటూరు ఆవిడ మా అమ్మాయిని ఎగాదిగా చూసి, ‘‘పాపకేనా అండీ?’’ అంది. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. బయటికొచ్చాక ఏటిగట్టున పడ్డ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈ గుడికి ఒక స్థలపురాణం ఉంది. మొదట కట్టిన గుడి గోదావరిలో మునిగిపోయిందట. లింగాన్ని తెచ్చి మళ్లీ ఇక్కడ ప్రతిష్ఠించారట. అది విని అత్తగారు ఏమీ అనలేదు. కాసేపయ్యాక, ‘‘స్వామి గుడే ములిగిపోతే మన తోట ఎంతమ్మా’’ అన్నారు నాతో.

నిజానికి అంతకు ముందే, మధ్యాహ్నం, ఒక రభస అయింది. గుడికంటే ముందు లంక చూసేద్దామని మూడున్నరకి రేవుకెళ్లాం. ఒకాయన ఇంజను పడవ తీసుకొచ్చాడు. అత్తగారి పుట్టింటి పేరు చెప్పగానే, ‘‘మా నాన్నకి తెలుసండి ఆళ్లు, రండి రండి’’ అని చెయ్యి అందించాడు. డబ్బులు కూడా తక్కువే చెప్పాడు. పడవలో అప్పటికే గడ్డిమోపులు, ఒక సైకిలు, ఆరుగురు మనుషులు ఉన్నారు. లైఫ్ జాకెట్లు ఒక్కటీ లేవు. ఏట్లో చిన్నచిన్న తెల్లటి నురగలు లేస్తున్నాయి.

నేను ఎక్కనన్నాను. ఎక్కనివ్వనని కూడా అన్నాను.

మా వారికి కోపం వచ్చింది. అత్తగారికి ఇంకా ఎక్కువ. ‘‘పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ ఈ ఏట్లో తిరిగినదాన్ని, నాకు నువ్వు చెప్తావా అమ్మాయ్’’ అన్నారు. ఆవిడ మాటా నిజమే. కానీ నా మనసులో ఉన్నది 2018 జూలై 14. ఇదే మండలం, పశువుల్లంక. బడి నుంచి ఇంటికెళ్తున్న పిల్లలతో ఉన్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఏడుగురు గల్లంతయ్యారు, ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్లు కూడా ఈ ఏట్లో పుట్టి బుద్ధెరిగినవాళ్లే కదా. మర్నాటి ఏడాదే కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోవడం అందరికీ గుర్తుంది. అది పేపర్లో చాలా రోజులొచ్చింది, పశువుల్లంక తొందరగా మరుగున పడింది. రోజూ పడవ మీదే బడికీ, పనికీ వెళ్లేవాళ్లకి వేరే దారి లేదు. మనకి ఉంది. రేపు రావచ్చు, లేదా అసలు మానెయ్యొచ్చు. సరదాకి వచ్చినవాళ్లం కాబట్టే మనం వద్దనగలం.

ఇదంతా నేను రేవులో ఇంత సజావుగా చెప్పలేదు. గట్టిగానే అరిచాను. పడవాయన మాత్రం ఏమీ అనుకోకుండా, ‘‘ఆయ్, అమ్మగారు సెప్పిందీ నిజమేనండి. ఇప్పుడు గాలి ఎదురండి, పోటు కూడా మొదలైందండి. తెల్లారి ఆరున్నరకి రండి, ఏరు అద్దంలా ఉంటాది. జాకెట్లు మా బావ దగ్గర తెస్తాను’’ అని గెడ వేసి వెళ్లిపోయాడు. అత్తగారు గుడికి వెళ్లేదాకా నాతో మాట్లాడలేదు.

కాబట్టి మీరు ఈ ప్రయాణం పెట్టుకుంటే, పడవని ఆదివారం పొద్దునకి ఉంచుకోండి. శనివారం మధ్యాహ్నమే రేవుకెళ్లి మాట్లాడుకోండి. మొత్తం పడవ మీకే మాట్లాడుకుంటే ఎంతమంది ఎక్కాలో మీ చేతిలో ఉంటుంది. మనిషికో జాకెట్ ఉందో లేదో, పిల్లల సైజువి ఉన్నాయో లేదో కళ్లారా చూసి, తొడుక్కుని, అప్పుడే కాలు పెట్టండి. సీటు కింద దోపిన జాకెట్ లేనట్టే. పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో నావవాళ్లకి నోటి లెక్క. వాళ్లు ఆరున్నర అంటే ఆరున్నరే, మీరు కాఫీ తాగి ఏడున్నరకి వెళ్తే గాలి మీకోసం ఆగదు.

మర్నాడు ఆరున్నర. నిజంగానే అద్దం. ఎండ ఇంకా పడలేదు. నీళ్ల మీద పొగలా మంచు లేస్తోంది, అందులోంచి దోనె మీద ఒకాయన వల లాగుతూ కనిపించి మళ్లీ మాయమైపోయాడు. నారింజరంగు జాకెట్‌లో అత్తగారు బొమ్మలా కూర్చున్నారు. మా అమ్మాయి ఫొటో తీస్తే, ‘‘వాట్సాప్‌లో పెట్టకే’’ అన్నారు.

ఎదుర్లంక దిగువన గట్టు వెంబడి వెళ్తుంటే కోత కనిపించింది. గట్టు నిలువుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంది. తెగిన చోట కొబ్బరి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కొన్ని చెట్లు అప్పటికే ఏటి మీదకి వంగిపోయాయి, వాటికి కాయలు కూడా ఉన్నాయి. ఏరు ఒకపక్క తింటుంది, మరోపక్క మేట వేస్తుంది. మేట వేసిన ఇసుక మీద కొన్నేళ్లకి రెల్లు మొలుస్తుంది, ఆ తర్వాత ఎవరో పుచ్చపాదు పెడతారు, లంక అవుతుంది. పోయినవాళ్లదీ వచ్చినవాళ్లదీ ఒకటే అయితే ఫరవాలేదు. అలా జరగదు.

ఇరవై నిమిషాలు పోయాక పడవాయన ఇంజను ఆపేశాడు. చుట్టూ నీళ్లే.

‘‘ఇక్కడేనండి’’ అన్నాడు.

అత్తగారు అర్థం కానట్టు చూశారు. ఆయన దూరంగా ఒక మిగిలిన చెట్ల గుంపు చూపించాడు. ‘‘అది రామాలయం ఎనకున్న తోటండి. అక్కణ్ణించి మీ ఇల్లు తూర్పుకి కదండీ. లెక్క ప్రకారం మనం ఇప్పుడు మీ పెరట్లో ఉన్నామండి.’’

ఎవ్వరం మాట్లాడలేదు. పడవ పాటు మీద నెమ్మదిగా సముద్రం వైపు జరుగుతోంది. ఆవిడ ఏడుస్తారేమోనని నేను భయపడ్డాను. పక్కకి వంగి, చెయ్యి నీళ్లలో పెట్టి, తీసి నాలిక మీద వేసుకున్నారు. ‘‘ఉప్పదనం వచ్చేసింది. మార్గశిరంలో ఉండేది కాదు’’ అన్నారు. తర్వాత, ‘‘ఇక్కడెంత లోతు బాబూ?’’ అని అడిగారు.

ఆయన గెడ దించాడు. పూర్తిగా దిగింది, ఆయన మోచెయ్యి తడిసింది. ‘‘అందలేదండి.’’

‘‘మా నుయ్యి ఇంకా లోతు’’ అన్నారు అత్తగారు.

వెనక్కి వస్తుంటే ఆయనతో ఊరివాళ్లందరి గురించీ అడిగారు. ఎవరు కాకినాడలో ఉన్నారు, ఎవరు గల్ఫ్ వెళ్లారు, ఎవరు పోయారు. ఆయనకి సగం మందే తెలుసు. రేవులో దిగాక మాట్లాడుకున్నదానికన్నా ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్లింట్లో టీ తాగి వెళ్లమన్నాడు. ఆ టీ, గారెలు, మధ్యాహ్నం దాకా కబుర్లు, ఏ పట్టికలోనూ ఉండనివి. వీటికి చోటు ఉండాలనే మిగతా తొమ్మిదీ కొట్టెయ్యమంటున్నాను.

మధ్యాహ్నం భోజనం యానాంలో. సాయంత్రం కాకినాడలో కాజాలు కొనుక్కుని, రాత్రి రైలు. సోమవారం పొద్దున్న ఆఫీసు టైముకి అందుకున్నాం, కళ్లు మూతలు పడుతూ.

రైల్లో మా వారు ల్యాప్‌టాప్ తెరిచి, మిగిలిన తొమ్మిదీ వేరే పేజీలోకి మార్చి, ‘‘అమ్మా, ఈసారి పులస రోజుల్లో వద్దాం’’ అన్నారు.

‘‘వరదల్లో మీ ఆవిడ పడవెక్కనిస్తుందేంట్రా’’ అన్నారు అత్తగారు, తేగ ఒలుచుకుంటూ. ఒలిచి సగం విరిచి నాకిచ్చారు.